వంటగట్టు క్రింది వాషింగు మెషీను

గడచిన వరికోతల కాలమున మా యింట బట్టలుతుకు యంత్రము నిలిచిపోయినది. పొలమునుండి వచ్చిన బురద బట్టలు ఒక వంక, బడికి పోవు పిల్లల తెల్లచొక్కాలు ఒక వంక గుట్టలు పడినవి. బాన్సువాడ ప్రాంతమున నిజాంసాగరు కాలువ క్రింద కోతలు సాగు దినములలో ఇంటిలో ఎవరికిని తీరిక యుండదు. మణికట్టు నొప్పితో బాధపడు మా తల్లిగారే పది దినములు కూర్చుండి ఆ బట్టలన్నియు చేతితో ఉతికిరి. అది చూడలేక మేము తొందరపడి దుకాణమునకు పోయి, పెద్దదియు అందమైనదియు నగు క్రొత్త మెషీనును కొని తెచ్చితిమి.

తీరా చూడగా దాని యెత్తు 85 సెంటీమీటర్లు. మా వంటగట్టు క్రింది ఖాళీ 82 సెంటీమీటర్లు. మూడు సెంటీమీటర్ల కొరకు గట్టును పగులగొట్టుట యెట్లు? మెషీనును పెరటి వసారాలో నిలిపితిమి. అక్కడ కుళాయి ధార చాలక అది నీరు పట్టుచు పట్టుచు సగములో ఆగిపోయెడిది. గొట్టములు మార్పించి, మోటారు పంపు పెట్టించునప్పటికి మరి పది దినములు గడచినవి. అంతవరకును ఉతుకుడు మా తల్లిగారిదే. తప్పు మెషీనుది గాదు, అమ్మినవారిది గాదు. కొలువక కొన్న మాది. ఆ అనుభవముతో తెలిసికొన్న సంగతులనే ఇక్కడ మనవి చేయుచున్నాము.

మెషీను కొనబోవు వారందరు మొదట అడుగు ప్రశ్న, "ఏ కంపెనీది మంచిది?" అని. అది చివర అడుగవలసిన ప్రశ్న. మన చోటు, మన నీరు, మన కరెంటు, మన యూరికి వచ్చు మెకానిక్కు, ఈ నాలుగింటికి సరిపడినదే నమ్మదగిన మెషీను. ఒక యింట పదేండ్లు నడచినది వేరొక యింట రెండేండ్లకే మూలబడుటకు కారణము తరచుగా ఇదియే.

అంతకు ముందు పాతదానిని నిజముగా మార్చవలసి యున్నదా యని విచారింపవలెను. నీరు బయటకు పోకున్న పంపు చెడియుండవచ్చును, లేదా వడపోత జల్లెడలో ఒక నాణెమో గుండీయో అడ్డుపడి యుండవచ్చును. నీరు లోనికి రాకున్న వాల్వు చెడియుండవచ్చును. ఇవి చిన్న మరమ్మతులు. డ్రమ్ము తిరుగునప్పుడు రోలు దొర్లినట్లు చప్పుడగుచున్నచో బేరింగు అరిగినదని తలపవలెను. కొన్ని మెషీన్లలో తొట్టి విప్ప వీలులేకుండ అతికింపబడి యుండును గనుక బేరింగు కొరకు తొట్టి మొత్తము మార్చవలసి వచ్చును. అట్టి మరమ్మతు ఖర్చు క్రొత్తదాని వెలలో సగమునకు చేరినపుడు క్రొత్తది కొనుటయే మేలు.

ఇక చోటు సంగతి. గట్టు క్రింద అన్నియు కొలిచి అమర్చు వంటగదికి మూలము జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున 1926లో మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అను శిల్పి రచించిన నమూనా యని చెప్పుదురు. వంటచేయు స్త్రీ వేయు అడుగులను తగ్గించుటయే ఆమె ఉద్దేశము. మన యిండ్లలో వంట ఒకచోట, ఉతుకుడు బావి దగ్గరనో పెరటిలోనో వేరొకచోట నుండెడివి. ఇప్పుడు చిన్న పట్టణములలో సైతము మాడ్యులర్ వంటగదులు వచ్చినందున మెషీను గట్టు క్రిందికి చేరినది. పెరటిలో నిలిపినపుడు అంగుళము ఎక్కువైనను అడుగువారు లేరు. గట్టు క్రింద అంగుళమే సమస్తము.

మూత పైకి తెరచు మెషీన్లు, అనగా టాప్‌లోడ్లును, రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్‌లును గట్టు క్రింద పనికిరావు. ముందు తలుపు గల ఫ్రంట్‌లోడే అక్కడ ఇముడును. ఇది సాధారణముగా 60 సెంటీమీటర్ల వెడల్పు, 85 సెంటీమీటర్ల యెత్తు ఉండును. మన గట్లు వంటచేయువారి యెత్తును బట్టి కొంచెము దిగువగానే కట్టబడుచుండును. కావున గచ్చునుండి పలక అడుగు వరకు గల యెత్తును కుడివైపు, ఎడమవైపు, నడుమ మూడుచోట్ల కొలిచి, వానిలో తక్కువదానినే లెక్కకు తీసికొనవలెను. వెనుక గొట్టములకు పది సెంటీమీటర్లు విడువవలెను. కిలోలు పెరిగిన కొలది లోతు పెరుగుట సామాన్యము. ఏడు కిలోలనగా పొడిబట్టల తూకము. నలుగురైదుగురు గల యింటికి అది చాలును. తలుపు పూర్తిగా తెరచుకొనుటకు ఎదుట చోటున్నదో లేదో కూడ చూచుకొనవలెను.

రెండవది నీరు. ఫ్రంట్‌లోడు నీటిని తక్కువగా వాడును గాని, ఆ నీరు కొంత ఒత్తిడితో రావలెను. పది మీటర్ల యెత్తునుండి దిగు నీటికి సుమారు ఒక బారు ఒత్తిడి యుండును. ఒక అంతస్తు ఇంటిలో కప్పు మూడు మీటర్లు, దానిపై ట్యాంకు దిమ్మె ఒక మీటరు అనుకొందము. మెషీను కుళాయి గచ్చునకు మీటరు యెత్తున నున్నచో మిగులునది మూడు మీటర్లే. అనగా 0.3 బారు. పలు మెషీన్లకు 0.5 బారు వరకు కావలయును. పుస్తకములో 0.05 మెగాపాస్కల్ అని వ్రాసియున్నను అర్థమదియే. ఒత్తిడి చాలనిచో ట్యాంకును ఎత్తు చేయవలెను, లేదా ప్రెషరు పంపు పెట్టవలెను. ఆ రెండును వీలుకాని యింట మెషీనును వంటగదినుండి తప్పించి, బకెట్టుతోనైనను నీరు పోయగల సెమీ ఆటోమేటిక్‌ను వేరుచోట పెట్టుకొనుటయే వివేకము.

నీటి గుణము కూడ ముఖ్యమే. బోరునీటిలో సున్నపు లవణములు ఎక్కువగా నుండుట కద్దు. త్రాగునీటికి భారతీయ ప్రమాణము లీటరునకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యమును మంచి హద్దుగను, వేరు నీరు దొరకనిచో 600ను గరిష్ఠముగను చెప్పుచున్నది. నీరు కాచు గిన్నెలో తెల్లని పెచ్చు కట్టుచున్నదా, సబ్బు సరిగా నురుగుట లేదా, అది కఠినజలమని గ్రహింపవలెను. అట్టి నీటిని వేడిచేసినపుడు ఆ సున్నము హీటరు కడ్డీపై పేరుకొని దానిని చెరచును. అందుచే నిత్యపు బట్టలను చల్లని నీటిలోనో గోరువెచ్చని నీటిలోనో ఉతికించి, పుస్తకములో అనుమతించినంత మేర నిమ్మ ఉప్పుతో అప్పుడప్పుడు శుభ్రపరచవలెను. ఫ్రంట్‌లోడునకు తక్కువ నురుగునిచ్చు పొడినే వాడవలెను.

మూడవది కరెంటు. నీరు వేడిచేయునప్పుడు ఫ్రంట్‌లోడు సుమారు 2000 వాట్లు లాగును. 230 వోల్టుల వద్ద అది తొమ్మిది ఆంపియర్లకు దగ్గర. దీనికి 16 ఆంపియర్ల ప్లగ్గు, మంచి ఎర్తింగు తప్పనిసరి. ఎక్స్‌టెన్షను బాక్సునుండి ఎన్నడును నడుపరాదు. వోల్టేజి ఎగుడుదిగుడుగా నుండు వీధిలో లోపలి ఎలక్ట్రానిక్ బోర్డునకు ప్రమాదము గనుక తగిన స్టెబిలైజరు పెట్టుట మంచిది. ఎలుకలు లోని తీగలు కొరుకుటయు కలదు. అడుగున జాలీ యున్నదో లేదో చూడవలెను.

నాలుగవది మరమ్మతు. "మోటారునకు పదేండ్ల గ్యారంటీ" అను మాట వినుటకు ఇంపుగా నుండును. అది మోటారునకే. తరచుగా చెడునవి పంపు, వాల్వు, తలుపు రబ్బరు, బోర్డు. వానికి ఎన్నేండ్లని అడుగుడు. మెకానిక్కు బాన్సువాడకు ఎక్కడినుండి వచ్చును, నిజామాబాదునుండియా, కామారెడ్డినుండియా, రాకకు రుసుమెంత, విడిభాగములు ఎన్నినాళ్ళలో వచ్చునని కొనకముందే తెలిసికొనుడు. మీ వీధిలో అదే మెషీను వాడువారిని అడిగిన సమాధానము ప్రకటనలకన్న విలువైనది. రశీదును భద్రపరచుడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మీరు నివసించు జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. 1915 అను జాతీయ సహాయ నంబరు కూడ కలదు.

మెషీను ఇంటికి వచ్చిన నాడు ఒక జాగ్రత్త మరువరాదు. ప్రయాణములో డ్రమ్ము ఊగకుండ వెనుక బిగించిన బోల్టులను తీసివేయనిదే నడుపరాదు. నడిపినచో మెషీను గదియంతయు అదరగొట్టును. అమెరికాలో 1937లో వచ్చిన బెండిక్సు ఆటోమేటిక్ మెషీనును నేలకు బోల్టులతో బిగింపవలసి యుండెను. నేటి మెషీన్లు లోపలి స్ప్రింగులతోను బరువులతోను అదురును అణచుకొనును గాని, గచ్చు సమముగా లేనిచో అవియు నడకలు సాగించును. నాలుగు కాళ్ళును సమముగా ఆనునట్లు సరిచేయించుడు. తీసిన బోల్టులను మాత్రము దాచియుంచుడు. ఇల్లు మారునప్పుడు మరల కావలయును.

కొలతబద్ద, కాగితము, కలము తీసికొని గట్టు క్రింద ఒక గంట గడపుడు. ఎత్తు, వెడల్పు, లోతు, ట్యాంకు యెత్తు, ప్లగ్గు, నీరు పోవు దారి, ఇవి వ్రాసికొని అటుపిమ్మట దుకాణమునకు పోవుడు. మేము ఆ గంటను మిగుల్చుకొనబోయి ఇరువది దినముల కష్టమును మా తల్లిగారి చేతులపై పెట్టితిమి. ఆ కాగితము ఇప్పుడు మా వంటగది బీరువా తలుపునకు లోపలివైపున అంటించి యున్నది.