ఎక్కడ దిగాలి?

బెజవాడనుంచి మా బన్సీలాల్‌పేటకు రావలసిన చుట్టం సికిందరాబాదులో దిగక నాంపల్లిదాకా పోయి దిగాడనుకోండి. ఇంటిల్లిపాదీ నవ్వుతాం. "రైలు వచ్చింది హైదరాబాదుకేగా, తప్పేముంది?" అని ఆయన ఎంత సమర్థించుకున్నా ఒప్పుకోం. ఆటోకు పోసిన డబ్బూ, సామాను మోసిన ఆయాసమూ లెక్కగట్టి మరీ చెబుతాం. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ కూడా ప్రారంభమయింది కనుక, ఈ నవ్వులు పెరిగేవేగాని తరిగేవి కావు.

రైలు విషయంలో ఇంత తెలివిగా ఉండే మనం, విమానం దగ్గరికి వచ్చేసరికి ఊరి పేరొక్కటి చూసుకుని టిక్కెట్టు కొనేస్తాం. 2024 అక్టోబరులో నేను అక్షరాలా ఆ పనే చేయబోయాను.

మా చెల్లెలూ, ఆమె భర్తా అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ అనే ఊళ్లో ఉంటారు. విద్యుద్దీపంతో పేరు మోసిన థామస్ ఎడిసన్ 1876లో ప్రయోగశాల పెట్టుకున్న మెన్లోపార్కు ఈ ఊళ్లోదే. 1954లో ఊరికి ఆయన పేరు పెట్టుకున్నారు. ఇప్పుడక్కడ తెలుగువాళ్లు మెండు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు మా చెల్లెలు నీళ్లోసుకున్నది. పురిటికి అమ్మ వెళ్లి తీరాలి. అమ్మకు 71 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు, చక్కెర జబ్బు. తెలుగు కాక, మా సికిందరాబాదు బజారులో చెల్లే హిందీ నాలుగు ముక్కలు వచ్చు. ఒంటరి ప్రయాణం. వీసా చేతికి వచ్చింది. ఇక మిగిలింది టిక్కెట్టు.

ఒకనాడు రాత్రి కంప్యూటరు ముందు కూర్చుని న్యూయార్కు అని కొట్టాను. అబూదాబి మీదుగా జె.ఎఫ్.కె. విమానాశ్రయానికి ఒక టిక్కెట్టు కనిపించింది. ఢిల్లీ మీదుగా న్యూఆర్క్ అనే చోటికి మరొకటి కనిపించింది. మొదటిది 18 వేల రూపాయలు తక్కువ. కాలేజీ లెక్చరరు ఇంట్లో 18 వేలంటే మాటలా? పైగా అమ్మ వెనకనుంచి, "జె.ఎఫ్.కె. అయితే వాళ్లింటి పక్కనేరా! మొన్ననేగా చెల్లాయి అక్కడికి వెళ్లి వచ్చానన్నదీ? పావుగంటట" అన్నది.

నిజమే, చెల్లెలు అన్నది. తీరా విచారిస్తే, చెల్లెలు వెళ్లివచ్చింది ఎడిసన్‌లో ఉన్న జె.ఎఫ్.కె. ఆస్పత్రికి! విమానాశ్రయమేమో న్యూయార్కు నగరానికి ఆవలి కొసన, క్వీన్స్ అనే భాగంలో, సముద్రపు ఒడ్డున ఉన్నది. కెనడీ పేరు ఆ దేశంలో ఎన్నింటికో పెట్టారు. మనవైపు గాంధీ పేరున్న ప్రతి రోడ్డూ ఒకటే అనుకుంటే ఎలా ఉంటుందో, అమ్మ లెక్క అలా ఉన్నది. దాన్ని నమ్మి డబ్బు కట్టబోయిన నా లెక్క అంతకన్నా ఘనంగా ఉన్నది.

అప్పుడు పటం ముందు వేసుకుని కూర్చున్నాను. న్యూయార్కుకు పెద్ద విమానాశ్రయాలు మూడు. మూడింటినీ నడిపేది ఒకే సంస్థ. 1928లో ప్రారంభమైన న్యూఆర్క్ అన్నిటికన్నా పాతది. అసలది న్యూయార్కు రాష్ట్రంలోనే లేదు. నది దాటి పక్కనున్న న్యూజెర్సీలో ఉన్నది. 1939లో వచ్చింది లాగార్డియా. నగరానికి బాగా దగ్గరేగాని, మన దేశంనుంచి వచ్చే విమానాలేవీ అక్కడ దిగవు. అది అమెరికా లోపలి ప్రయాణాలకే ఎక్కువగా పనికివస్తుంది. మూడోది 1948లో ఐడిల్‌వైల్డ్ అనే పేరుతో వెలిసింది. కెనడీ హత్య జరిగిన నెలకే, 1963 డిసెంబరులో, దానికి ఆయన పేరు పెట్టారు. టిక్కెట్లు అమ్మేవాళ్లు ఈ మూడింటినీ కలిపి న్యూయార్కు అనే ఒక్క పేరు కింద చూపిస్తారు. చిక్కంతా అక్కడే ఉన్నది.

న్యూఆర్క్‌నుంచి మా చెల్లెలి ఇల్లు సుమారు 30 కిలోమీటర్లు. జె.ఎఫ్.కె.నుంచి సుమారు 65. దూరం రెట్టింపే కదా అనుకోవద్దు. జె.ఎఫ్.కె.నుంచి రావాలంటే 1964లో కట్టిన వెరజానో అనే పెద్ద వంతెన మీదుగా స్టాటెన్ దీవిలోకి వచ్చి, ఇంకో వంతెన దాటి న్యూజెర్సీలో పడాలి. సాయంత్రంపూట కార్లన్నీ బారులు తీరుతాయి. "పోను రెండు గంటలు, రాను రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు బావగారూ" అన్నాడు చెల్లెలి భర్త. వంతెన సుంకాలు వేరే. ఇవన్నీ కలిపితే నా 18 వేలల్లో కొంత అక్కడే కరిగిపోతుంది.

కాని డబ్బు సంగతి కాదు నన్ను ఆపింది. అమ్మ దిగేది తొమ్మిదో నెల నడుస్తుండగా. ఆ రోజు ఆయన కారు తీసుకుని వెళితే, ఇంట్లో చెల్లెలు ఒక్కతే ఉంటుంది. గంటసేపు ఒక్కతే ఉండటం వేరు, అర్ధదినం ఉండటం వేరు.

ఇక్కడ పాతకథ ఒకటి చెప్పాలి. బేగంపేట విమానాశ్రయం మా ఇంటికి నాలుగైదు కిలోమీటర్లు. నిజాం కాలంలో 1930 దశకంలో వెలసిన ఆ విమానాశ్రయంలో చుట్టాలు దిగితే, మా అమ్మ కాఫీ డికాక్షను వేసేసరికి గుమ్మంలో ఉండేవాళ్లు. 2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయం మొదలయింది. ప్రయాణికుల విమానాలన్నీ బేగంపేటనుంచి అక్కడికి తరలిపోయాయి. మాకది 30 కిలోమీటర్లకు పైమాటే. మెహదీపట్నంనుంచి ఆరాంఘర్ దాకా ఇప్పుడున్న పొడవాటి పైవంతెన అప్పటికి లేదు. అది 2009 అక్టోబరులోగాని రాలేదు.

ఆ 2008 ఏప్రిల్‌లో మా నాయనమ్మకు జబ్బు ముదిరింది. బొంబాయిలో ఉన్న బాబాయికి కబురంపాం. ఆయన దొరికిన మొదటి విమానం ఎక్కాడు. విమానం వేళకే దిగింది. నాయనమ్మ రెండుసార్లు కళ్లు తెరిచి, "వాడొచ్చాడా?" అని అడిగింది. "దిగాడమ్మా, దారిలో ఉన్నాడు" అన్నాడు నాన్న. దారిలోనే ఉన్నాడు పాపం. ఆయన గుమ్మం తొక్కేసరికి ఆవిడ పోయి అరగంట. ఇందులో ఎవరి తప్పూ లేదు. పెరిగే ఊరికి పెద్ద విమానాశ్రయం కావలసిందే, వచ్చింది. కాని విమానం దిగటం వేరు, ఇల్లు చేరటం వేరన్న సంగతి ఆ రోజు మా ఇంట్లో అందరికీ తెలిసింది.

ఈ మాట నేను ఎత్తలేదు. పటం చూపించి దూరాలు చెప్పానంతే. అమ్మ కాసేపు ఊరుకుని, "మీ బాబాయి రోజు గుర్తుందిరా?" అన్నది. తరవాత, "ఆ దగ్గరదే కొను. నా చేతి గాజు ఒకటి ఊరికే పడి ఉన్నదిలే" అన్నది. గాజు జోలికి పోలేదనుకోండి. నా సంక్రాంతి బట్టలు ఆ ఏడు మానుకున్నాను.

అబూదాబి దారిలో ఒక సుగుణం ఉన్నదని ఒప్పుకోవాలి. 2014నుంచి అక్కడే అమెరికా అధికారులు ఉండి, వీసా తనిఖీ, సామాను తనిఖీ ముందే ముగిస్తారు. అవతల దిగాక మళ్లీ ఆ వరస ఉండదు. మిగతా దారుల్లో చాలావాటిలో వెళితే, అమెరికాలో మొదట ఎక్కడ దిగితే అక్కడే తనిఖీ జరుగుతుంది. అక్కడినుంచి ఇంకో విమానం ఎక్కవలసి ఉన్నా సరే, పెట్టెలు అక్కడ తీసుకుని, తనిఖీ చేయించుకుని, మళ్లీ అప్పగించవలసిందే. ఇది తెలియక మధ్యలో గంటన్నర వ్యవధి చాలుననుకునేవాళ్లు చాలా ఇబ్బంది పడతారు. అందుకని పెద్దవాళ్లకు అమెరికా లోపల విమానం మారే అవసరం లేకుండా చూడటం మేలు. మారేదేదో ఢిల్లీలో మారితే, అమ్మ హిందీ నాలుగు ముక్కలూ అక్కరకు వస్తాయి.

ఇది అమెరికా ప్రయాణీకుల గొడవేనని ఇతరులు తీసిపారేయనక్కరలేదు. ముంబయికి 2025 డిసెంబరు 25నుంచి నవీ ముంబయి విమానాశ్రయం కూడా తోడయింది. వర్లీలో చుట్టాలున్నవారికి పాతదే దగ్గర. పన్వేల్ వైపు ఉన్నవారికి కొత్తది దగ్గర. లండనుకైతే విమానాశ్రయాలు అరడజను. హీత్రూలో దింపి, గాట్విక్‌లో ఎక్కమనే టిక్కెట్లు కూడా ఉంటాయి. చవకగా ఉన్నదని కొంటే, మధ్యలో ఆ రోడ్డు ప్రయాణం మన నెత్తిమీదే.

నాకు తెలిసివచ్చింది ఇంతే. టిక్కెట్టు కొనేముందు ఊరి పేరు కాదు, దిగాక చేరవలసిన ఇంటి చిరునామా చూడండి. దిగే వేళ ఏమిటో, ఆ వేళ తీసుకువెళ్లేవాళ్లకు ఎంతసేపు పడుతుందో వాళ్లనే అడగండి. ఆ ఖర్చు టిక్కెట్టుకు కలిపి, అప్పుడు ఏది చవకో తేల్చండి. విమానాలు మారవలసివస్తే మొత్తం ప్రయాణం ఒకే టిక్కెట్టు మీద ఉండేట్టు చూసుకోండి. పెద్దవాళ్లకైతే చక్రాల కుర్చీ కావాలని ముందే చెప్పండి. అది మోకాళ్లకే కాదు, భాషకు కూడా సాయం. తోసుకువెళ్లే మనిషి దారి చూపిస్తాడు. నేను అమ్మకు ఒక కాగితం మీద చెల్లెలి చిరునామా, ఫోను నంబరు, వాడే మందులు ఇంగ్లీషులో రాసి, కింద అదే తెలుగులో రాసిచ్చాను.

అమ్మ న్యూఆర్క్‌లో తెల్లవారి దిగింది. అల్లుడు తీసుకువెళ్లి ఇల్లు చేర్చేసరికి, చెల్లెలు ఇంకా ఉదయం కాఫీ కూడా తాగలేదట. నాలుగోనాడు రాత్రి నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. పురుడు పోసిన మర్నాడు అమ్మ ఫోనులో మనమరాలి ముక్కు ఎవరిదో, జుట్టు ఎవరిదో అంతా చెప్పి, చివర అన్నది:

"ఒరే, నేను తిరిగి వచ్చేటప్పుడు బేగంపేటలో దిగే విమానం ఏమయినా ఉన్నదేమో చూడరా!"