తోలుపై తీగ: జమిడిక, బాంజో

సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలములోని దురాజ్‌పల్లి గట్టు మీద రెండేండ్లకొకసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. అక్కడ మ్రోగే డప్పుల మోత ఈ ప్రాంతపు విద్యార్థులకు కొత్త కాదు. డప్పులో తోలును పుల్లతో కొడతారు. తోలును తీగతో మ్రోగించే వాద్యము కూడ తెలంగాణ పల్లెలలో ఉన్నది. బైండ్లవారు ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు వాయించే జమిడిక అటువంటిది.

జమిడిక ఒక బోలు గొట్టము. దాని ఒక మూతికి తోలు బిగించి, తోలు నడుమ నుండి ఒక తీగను తెచ్చి, రెండవ కొసను చిన్న కఱ్ఱ పుల్లకు కడతారు. గొట్టమును చంకలో ఇరికించుకొని, ఒక చేత పుల్లను లాగుతూ, రెండవ చేత తీగను మీటుతారు. లాగిన కొద్దీ స్వరము హెచ్చుతుంది.

తోలు ఎందుకు? సన్నని తీగ కంపించినా గాలిని అంతగా కదల్చలేదు. వెడల్పైన తోలు కదల్చగలదు. తోలు తేలికైనది కనుక తీగలోని శక్తిని త్వరగా లాగుకొంటుంది. చెరువు తూము కొద్దిగా ఎత్తితే నీరు చాల రోజులు పారుతుంది; పూర్తిగా ఎత్తితే ఉరికి వచ్చి త్వరగా అయిపోతుంది. తోలు వాద్యము రెండవ రకము: మోత పెద్దది, ఆయువు చిన్నది. వీణవలె ఒక మీటుపై స్వరమును సాగదీయుటకు ఇక్కడ వీలులేదు.

ఈ చిక్కును నేర్పుగా దాటిన పద్ధతి ఒకటి అమెరికా జానపదుల బాంజోలో ఉన్నది. (మన దేశములో మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్ తరంగ్‌ను కూడ కొందరు బాంజో అంటారు, అది వేరు.) బాంజో మూలము పశ్చిమాఫ్రికా. అక్కడి జోలా జాతివారి అకోంటింగ్ అనే సొరకాయ బుఱ్ఱ వాద్యమును నేటికీ గోటితో క్రిందికి కొట్టి వాయిస్తారు. బానిసలుగా కొనిపోబడిన ఆఫ్రికావారే ఈ విద్యను అట్లాంటిక్ దాటించారు.

బాంజోకు 5 తీగలు. వాడుకలో ఉన్న ఒక శ్రుతిలో నాలుగు పొడుగు తీగలు మంద్ర పంచమము, షడ్జమము, అంతర గాంధారము, పంచమము పలుకుతాయి. అయిదవది వాటిలో నాల్గింట మూడు వంతుల పొడవు మాత్రమే, తారషడ్జమము పలుకుతుంది. వ్రేళ్లను గోళ్లవలె వంచి, చూపుడు లేక నడిమి వ్రేలి గోటితో ఒక తీగను క్రిందికి కొడతారు. మరల క్రిందికే కొన్ని తీగలను కలిపి రాస్తారు. వెంటనే బొటనవ్రేలు పొట్టి తీగను మీటుతుంది. “తా, తక, తా, తక” అని నడక. పాట స్వరము “తా” మీద పడుతుంది. అది ఆరిపోయేలోపల “తక” ఖాళీని నింపుతుంది. మధ్య స్వరములను ఎడమచేతి వ్రేలు తీగపై అదిమి గాని, లాగి వదలి గాని పలికిస్తుంది.

అందుచేత నేర్చుకొనేవారు ముందు పాటను నోటితో పాడుకోవాలి. తరువాత దెబ్బ మీద పడే స్వరములను మాత్రమే ఏరుకోవాలి. నడక చేతికి పట్టకముందే అన్ని స్వరములను వెదకబోతే లయ చెడుతుంది. స్వరలిపి చూచి నేర్చినవారికి ఈ ఇబ్బంది ఎక్కువ.

పాఠశాలలో ఒక ప్రయోగము. రేకు డబ్బా అడుగున చిల్లు పొడిచి, సన్నని ఉక్కు తీగను దూర్చి, లోపల మేకుకు ముడివేయండి. రెండవ కొసకు స్ప్రింగు త్రాసు తగిలించి 500 గ్రాముల బిగువుతో ఒకసారి, 2 కిలోలతో ఒకసారి లాగి మీటండి. తీగ పొడవు మారనీయరాదు. బిగువు 4 రెట్లైతే పౌనఃపున్యము సుమారు 2 రెట్లవుతుంది, అనగా షడ్జమము తారషడ్జమమవుతుంది. తరువాత అదే తీగను బరువైన బల్లకు రెండు మేకుల నడుమ బిగించి మీటండి. మోత తక్కువగాను, మ్రోగే సమయము ఎక్కువగాను ఉంటుంది.