వేలిముద్ర నుంచి వడ్డీ లెక్క దాకా

ఓర్వకల్లు: చదువంటే పరీక్ష, ఆపైన కొలువు అనుకోవడం లోకరీతి. ఓర్వకల్లు మండలంలోని పొదుపు మహిళల చదువు ఈ కొలతకు అందేది కాదు.

కర్నూలు-నంద్యాల రోడ్డులో రాళ్ల గుట్టల నడుమ ఉన్న మెట్ట ప్రాంతమిది. వాన పడితే పంట, పడకపోతే అప్పు. పత్రంలో ఏముందో తెలియకుండానే వేలిముద్ర పడేది.

1990 దశకం మధ్యలో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ తోడ్పాటుతో పేదరిక నిర్మూలన పథకం మొదలైంది. ఓర్వకల్లులోనూ మహిళలు సంఘాలుగా ఏర్పడి పొదుపు ప్రారంభించారు.

డబ్బు పోగయ్యాక లెక్క తప్పనిసరి అయింది. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అయితే పది వేల అప్పుకు ఏడాదికి 3,600 రూపాయలు. రూపాయి వడ్డీ అయితే 1,200. ఈ తేడా తెలియకపోతే సంఘం పుస్తకం మళ్లీ ఇతరుల చేతికి పోవలసిందే. అందుకే పలక పట్టే వయసు దాటినవారు సంతకం నేర్చుకున్నారు. తీర్మానాలు రాయించడం, బ్యాంకులో కూర్చుని మాట్లాడడం ఆ తరువాతి పాఠాలు.

ఈ చదువుకు పట్టా లేదు, ముగింపూ లేదు. అప్పు, విత్తనం, పిల్లల బడి - అవసరం మారినప్పుడల్లా కొత్త పాఠమే. మండల పొదుపు సమాఖ్య ‘బాలభారతి’ పేరిట పాఠశాలను కూడా నెలకొల్పింది.

2021లో ఓర్వకల్లుకు విమానాశ్రయం వచ్చింది. ఊరు ఎదిగిందనడానికి అదొక గుర్తు. కాగితం చేతికిస్తే ముందు చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టే తల్లి అంతకంటే పాత గుర్తు.