చీనా భాషాపరీక్షకు సన్నాహము

చీనా భాష నేర్చిన విదేశీయుల సామర్థ్యమును కొలుచుటకై ఆ దేశమున ఏర్పడిన ప్రామాణిక పరీక్షకు హెచ్.ఎస్.కె. అని సంక్షిప్తనామము. 1984లో బీజింగు భాషాసంస్థయందు దీని రూపకల్పన ఆరంభమైనది. 2010లో జరిగిన సంస్కరణమున దీనికి ఆరు శ్రేణులు ఏర్పడినవి. మొదటి శ్రేణికి 150 పదములు, నాల్గవదానికి 1,200, ఆరవదానికి 5,000 వలయునని నిర్ణయించిరి. 2021లో ప్రకటించిన ప్రమాణములలో శ్రేణులు తొమ్మిది, పదములు 11,092.

ఈ సంఖ్యలను చూచిన విద్యార్థి, పదముల పట్టికను వల్లెవేయుటయే సన్నాహమని తలచుట సహజము. కాని చీనా పదమునకు ధ్వని, స్వరము, లిపి అను మూడు ముఖములు గలవు. ఒకటి విడిచి తక్కిన రెండు నేర్చినను పదము స్వాధీనము కాదు.

"మా" అను ధ్వనిని సమస్వరమున పలికినచో తల్లి. పైకి లేచు స్వరమున జనుము. వంగి లేచు స్వరమున గుర్రము. క్రిందికి దిగు స్వరమున తిట్టుట. తల్లిని తెలుపు లిపిలో ఎడమనున్న స్త్రీ చిహ్నము అర్థమును, కుడినున్న గుర్రపు చిహ్నము ధ్వనిని సూచించును. వాక్యాంతమున ప్రశ్నను తెలుపు "మా" అను పదమునందు అదే గుర్రపు చిహ్నము ప్రక్కన నోటి చిహ్నము చేరును. ఈ కూర్పు నెరిగి చేతితో వ్రాసి నేర్చినవానికి లిపిభారము చాలవరకు తగ్గును.

ఉచ్చారణమున తెలుగువారికి ఒక సౌలభ్యము కలదు. "పిన్‌యిన్" అను రోమను లిపి పద్ధతిలో 'బి' అను అక్షరము మన పకారమునకు దగ్గరి ధ్వనిని, 'పి' అను అక్షరము ఒత్తి పలుకు పకారమును తెలుపును. ఆంగ్లపు అలవాటున తప్పు చదువుటకంటె, అల్పప్రాణ మహాప్రాణములను తలచుకొనుట మేలు. స్వరములను మాత్రము చెవితో క్రొత్తగా నేర్వవలసినదే.

వాక్యరచనలో చిక్కు వేరు. తెలుగున విభక్తులుండుటచే పదముల చోటు మారినను అర్థము నిలుచును. చీనా భాషలో చోటు మారిన అర్థమే మారవచ్చును. 2010 నాటి విధానమున మూడవ, నాల్గవ శ్రేణులలో, చెదరిన పదములను వాక్యముగా కూర్పుమను ప్రశ్న ఇందులకే కలదు. పదములను విడిగా గాక వాక్యములలో నేర్చినవారికే అది సులభము.

1937లో శాంతినికేతనమున చీనాభవనము వెలసినది. అయినను చీనా సాహిత్యము తెలుగునకు హెచ్చుగా ఆంగ్లము మీదుగానే వచ్చుచున్నది. మూలమును చదివి అనువదింపగల తెలుగువారు కావలెను. పరీక్షకై పడిన శ్రమ ప్రమాణపత్రముతో ముగియక ఆ పనికి ఉపకరించినచో సార్థకమగును.