గోడమీది పెట్టె గొప్పలు

కోయంబత్తూరు పీళమేడులోనో, మదురైలోనో తరతరాలుగా స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో వీధి గడప దాటగానే భాష మారుతుంది. బయట తమిళం, లోపల తెలుగు. ఆ ఇళ్లలో చాలావాటి గోడమీద ఇప్పుడొక చిన్న తెల్ల పెట్టె కనిపిస్తుంది. ఫైబర్ తీగ వచ్చి ఆగేది దాని దగ్గరే. కంపెనీవాళ్లు దాన్ని ఓఎన్‌టీ అంటారు. ఇంట్లోవాళ్లకు మోడెం, లేదా వైఫై బాక్సు. రోజంతా వాడతాం, ఏనాడూ దానివంక చూడం. కానీ దాని గొప్పలు ఎన్నో!

అన్నిటికంటే ముందు ఒక కోయంబత్తూరు పెట్టె సంగతి. అది ఫైబర్‌ది కాదు, రేడియో. ఆ ఊరి దగ్గర కలంగల్‌లో ఒక తెలుగింట 1893లో పుట్టిన జి.డి. నాయుడు, అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని 1941లో ప్రకటించారు. రేడియో కొనడమంటే సామాన్యుడికి అందని మాటగా ఉన్న రోజులవి. గాలిలో ఎన్ని తరంగాలు వస్తే ఏం లాభం, వాటిని పట్టే పెట్టె ఇంటికి రాకపోతే? ఫైబర్‌కీ ఇదే లెక్క వర్తిస్తుంది.

ఇంటిదాకా ఫైబర్ వేసి చూసిన తొలి ప్రయోగాల్లో పేరుపడ్డది జపాన్‌లోని హిగాషి ఇకోమాలో జరిగింది. 1978లో హై-ఓవిస్ పేరుతో 158 ఇళ్లను కలిపారు. ఒక్కో ఇంట్లో టీవీతో పాటు కెమెరా, మైకు, మీటల పలక పెట్టారు. చూస్తున్న మనిషి తన ఇంట్లో కూర్చునే కార్యక్రమంలో కనిపించేవాడు. వీడియో కాల్ అన్న మాట మనకు అలవాటు కావడానికి పాతికేళ్లకు పైగా ముందటి సంగతి!

ఇక బరువులో రికార్డు అమెరికాదే అనుకుంటాను. 2005లో వెరైజన్ కంపెనీ ఫైయోస్ సేవ మొదలైనప్పుడు పెట్టె ఇంటి బయటి గోడకు వేలాడేది. కరెంటు పోయినా ఫోను పలకాలని దానికి తోడుగా బ్యాటరీ కూడా పెట్టేవారు. ఇప్పటి పెట్టె అరచేతిలో ఇముడుతుంది.

వేగం సంగతికొస్తే, మన దేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు టెలిఫోను తీగమీద సెకనుకు 9.6 కిలోబిట్లు వచ్చేవి. ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో ఉన్న జీపాన్ పద్ధతిలో తీగలో దిగే వేగం సెకనుకు 2.488 గిగాబిట్లు. రెండున్నర లక్షల రెట్లకు పైమాటే. అయితే అదంతా ఒక్క ఇంటికి కాదు. కరెంటుతో పనిలేని ఒక గాజు చీలిక ఆ వెలుగును మామూలుగా 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది.

నన్ను అబ్బురపరిచేది ఆ పంపకమే. ఎక్స్ఛేంజి నుంచి వచ్చే వెలుగు అన్ని ఇళ్లకూ ఒకేలా చేరుతుంది. పక్కింటివాళ్ల సమాచారం కూడా మీ పెట్టె దాకా వస్తుంది. పెట్టె తనదాన్నే తీసుకుని మిగతాది వదిలేస్తుంది. పైగా ఎవరిది వాళ్లకే అర్థమయ్యేలా తాళం వేసి ఉంటుంది. తిరుగు ప్రయాణం ఇంకా చిత్రం. అందరూ ఒక్కసారే పంపితే వెలుగులు కలగాపులగమైపోతాయి. అందుకే వీధి కుళాయి దగ్గర బిందెల వరసలా పెట్టెలన్నీ వంతు తప్పకుండా పంపుతాయి. 125 మైక్రోసెకన్లకొక చట్రం, అందులో ఎవరి క్షణం వారిది. 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటి వెలుగు రావడానికి 100 మైక్రోసెకన్లు పడుతుంది కాబట్టి, ఎక్స్ఛేంజి ఒక్కో ఇంటి దూరం కొలిచి, దగ్గరున్న పెట్టెను ఆ మేరకు ఆగి పంపమంటుంది.

చూపులో కూడా ఇది మేటి. సాధారణ జీపాన్ పెట్టెకు మైనస్ 27 డీబీఎం వెలుగు చాలు. అంటే వాటులో పది లక్షల వంతుల్లో రెండు వంతులు. ఆ కాస్త వెలుగులోంచి సెకనుకు 248 కోట్ల పైచిలుకు బిట్లను దాదాపు తప్పు లేకుండా చదువుతుంది.

తీగ లేనిచోట దూరాన్ని గెలిచిన కథ మదురైది. తెలుగింటి బిడ్డ డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి, రెండువేల దశకం నడిమిలో తేనిలోని తన శాఖను పల్లెల్లోని కంటి కేంద్రాలతో దూరపు వైఫైతో కలిపింది. బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు చిన్న కంప్యూటరు పలకలకు దిశ ఆంటెనాలు బిగించి ఆ పరికరాలు అమర్చారు. పల్లెలోని రోగి అక్కడే కూర్చుని తేనిలోని డాక్టరుతో వీడియోలో మాట్లాడాడు. అదే బృందం పద్ధతిని వాడి 2007లో వెనెజువెలాలో రెండు కొండల మధ్య 382 కిలోమీటర్ల వైఫై లంకె కలిపారు. అప్పటికి అది ప్రపంచ రికార్డు.

ధరలో ఆంధ్రప్రదేశ్‌ను చెప్పుకోవాలి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఇచ్చింది. తీగను భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగడంతో ఖర్చు కలిసొచ్చింది. అయినా ఇంటింటికీ పెట్టె అందివ్వడమే అందులో బరువైన పని. మోయగలిగినంత మేరకే ఏ ప్రభుత్వమైనా ముందుకు పోగలదని నా అభిప్రాయం.

ఇంకొక్క మాట. 2016లో ఎక్స్‌జీఎస్ పాన్ ప్రమాణం వచ్చింది, అటూ ఇటూ 10 గిగాబిట్లు. 2021లో 50 గిగాబిట్ల ప్రమాణం. వీటికి కొత్త తీగ వేయనక్కర్లేదు. పాత జీపాన్ ఇంటికి దిగే దారిలో 1490 నానోమీటర్ల వెలుగు వాడితే, 10 గిగాబిట్లది 1577 వాడుతుంది. రెండూ ఒకే గాజుపోగులో ఢీకొనకుండా నడుస్తాయి. ఎక్స్ఛేంజిలో పరికరం, ఇంట్లో పెట్టె మారిస్తే సరిపోతుంది.

వీలైతే ఇవాళ మీ పెట్టెను తిప్పి వెనక స్టిక్కరు చూడండి. జీపాన్ సీరియల్ నంబరులో మొదటి నాలుగు అక్షరాలు తయారీదారువి. నోకియా పెట్టెల మీద ఇప్పటికీ అల్కాటెల్ పేరునుంచి వచ్చిన ఏఎల్‌సీఎల్ అనే ఉంటుంది. చూశాక పసుపు తీగను మడిచిపెట్టకండి, ఆకుపచ్చ కొన ఊడదీసి కంటికి ఆనించకండి: అందులోని వెలుగు కంటికి కనబడదు. ఎర్రదీపం మినుకుమంటే తీగ లాగకుండా కంపెనీకి ఫోను చేయండి.