బస్తా అంటే ఎన్ని కిలోలు? ఏఐ టూల్ వివరణలపై అపోహలు – వాస్తవాలు

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ సేవలు మొదలుపెట్టింది. తొలి విడతలో 161 సేవలు, మెనూలు నొక్కుకుంటూ పోయే పద్ధతి. ఇలాంటి చోట ఏఐ ఏజెంటును పెడితే మనిషి మామూలు మాటల్లో అడగొచ్చు. ఏ రికార్డులో వెతకాలో, ఏ ధర చూడాలో ఏజెంటే తేల్చుకుంటుంది. అలా అది వాడుకునే ఒక్కో సాధనం ఒక టూల్. పార్వతీపురం మన్యం జిల్లా కురుపాంలో అడిగే ప్రశ్నకు సరైన జవాబు రావాలంటే, టూల్ పక్కన రాసే నాలుగైదు వాక్యాల వివరణ గట్టిగా ఉండాలి.

అపోహ: కోడ్ బాగుంటే చాలు, మిగతాది మోడల్ చూసుకుంటుంది.

మామూలుగా టూల్ లోపలి కోడ్ ఏజెంటును నడిపే ఏఐ మోడల్‌కు కనిపించదు. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ తెచ్చిన ఫంక్షన్ కాలింగ్ (మోడల్ టూల్స్‌ను పిలిచే పద్ధతి) లోనూ, 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన ఎంసీపీ (ఏజెంట్లకు టూల్స్‌ను కలిపే ప్రమాణం) లోనూ మోడల్ ముందుకు వచ్చేవి టూల్ పేరు, దాని వివరణ, ఏయే సమాచారం అందించాలో చెప్పే పట్టిక. వాటిని బట్టే ఎంపిక జరుగుతుంది.

అపోహ: మోడల్ పెద్దదైతే చెప్పని సంగతులు కూడా గ్రహిస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. “బస్తా ధాన్యానికి ఎంతొస్తాది?” అని రైతు అడిగాడనుకోండి. కేంద్రం మద్దతు ధరను క్వింటాలుకు ప్రకటిస్తుంది. 2025–26లో సాధారణ రకానికి 2,369 రూపాయలు. మన దగ్గర ధాన్యం బస్తాను 75 కిలోలుగా లెక్కిస్తారు, అంటే సుమారు 1,777 రూపాయలు. టూల్ ఇచ్చే అంకె క్వింటాలుకని వివరణలో లేకపోతే, ఏజెంట్ బస్తాకే 2,369 అని చెప్పేయొచ్చు. బస్తాకు 592 రూపాయలు లేనిపోని ఆశ. అదే జీడిపిక్కల దగ్గరికొస్తే పలాస వ్యాపారంలో బస్తా అంటే 80 కిలోలు. ఇవన్నీ మోడల్ ఊహకు వదిలేయడం అన్యాయం. ఇలా రాస్తే సరిపోతుంది: “ధాన్యం మద్దతు ధరను క్వింటాలుకు రూపాయల్లో ఇస్తుంది. బస్తాల్లో అడిగితే 75 కిలోల లెక్కన మార్చి, ఆ లెక్క కూడా చెప్పాలి. జీడిపిక్కల ధరకు ఈ టూల్ వాడొద్దు.” చివరి వాక్యాన్ని చాలామంది రాయరు. ఎప్పుడు వాడకూడదో చెప్పకపోతే, కాస్త దగ్గరగా కనిపించిన ప్రతి ప్రశ్నకూ ఏజెంట్ అదే టూల్‌ను పిలుస్తుంది.

జిల్లా పేరుదీ ఇదే చిక్కు. 2022 ఏప్రిల్ 4 దాకా కురుపాం విజయనగరం జిల్లాలో ఉండేది. పాత కాగితాల్లో ఆ పేరే ఉంటుంది. ఏ కాలపు జిల్లా పేరు ఇవ్వాలో వివరణ చెప్పాలి.

భూమి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. రెవెన్యూ రికార్డుల్లో మాత్రమే వెతికే టూల్‌కు ఏమీ దొరకలేదంటే, ఆ కుటుంబానికి భూమి లేదని అర్థం కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టా వేరే జాబితాలో ఉండొచ్చు. “ఖాళీ ఫలితం వస్తే భూమి లేదని చెప్పొద్దు, అటవీ హక్కు పట్టా ఉందేమో అడగాలి” అన్న ఒక్క వాక్యం లేకపోతే, ఓ గిరిజన రైతు తనకు హక్కే లేదనుకుని వెనుదిరిగిపోతాడు.

అపోహ: టూల్స్ ఎన్ని ఎక్కువైతే అంత మంచిది.

‘భూమి వివరాలు’, ‘పట్టా సమాచారం’, ‘రైతు భూమి’ అని ఒకేలాంటివి మూడు పెడితే తికమకే. పైగా సాధారణంగా వివరణలన్నీ ప్రతి ప్రశ్నతో పాటూ మోడల్‌కు వెళ్తాయి, ఖర్చు పెరుగుతుంది. చాలా మోడళ్లలో అదే సంగతికి తెలుగు లిపి ఇంగ్లిష్ కన్నా ఎక్కువ టోకెన్లు (మోడల్ పాఠాన్ని విడగొట్టుకునే ముక్కలు) తీసుకుంటుంది.

అపోహ: ఇది ప్రోగ్రామర్లు ఇంగ్లిష్‌లో చేసుకునే పని.

వివరణ ఏ భాషలో రాసినా, జనం వాడే మాటలు అందులో ఉండాలి. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ కొనే సరుకుల్లో కొండచీపుర్లు, అడ్డాకులు, చింతపండు ఉంటాయి. చింతపండు పిక్క తీసిందా, తీయనిదా అన్నదాన్ని బట్టి ధర మారుతుంది. అది సంతలో కూర్చునే మనిషికి తెలుసు, డిపోలో తూకం వేసే మనిషికి తెలుసు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రాయాలని నా గట్టి అభిప్రాయం. ఈ కొండల్లో ఆ పద్ధతి కొత్తదేమీ కాదు: గిడుగు రామమూర్తి సవర వ్యాకరణాన్నీ నిఘంటువునూ సవరల నోటి మాట వినే కూర్చారు.

అపోహ: బయట దొరికే టూల్‌ను వివరణతో సహా తెచ్చుకోవచ్చు, ప్రమాదమేమీ లేదు.

వివరణను మోడల్ ఆదేశంగా తీసుకోగలదు. అందులో దురుద్దేశంతో రహస్య సూచనలు దాచవచ్చని భద్రతా పరిశోధకులు 2025లో చూపించారు. ప్రజల ఆధార్, భూమి వివరాలు చేతిలో ఉన్న ఏజెంటుకు బయటి వివరణను చదవకుండా తగిలించకూడదు.

అపోహ: ఒకసారి రాసేస్తే పని అయిపోయినట్టే.

జనం నిజంగా అడిగే ప్రశ్నలతో పరీక్షించాలి. “మా నాన్న పేరున ఉన్న పోడు పట్టా నా పేరుకి మారతాదా?” అని అడిగి, ఏజెంట్ ఏ టూల్ పిలిచిందో, ఏ సమాచారం పంపిందో చూడాలి. ఇక్కడ పోడు పట్టా అంటే అటవీ హక్కు పట్టానే. అది వారసులకు వస్తుంది, అమ్మడానికి మాత్రం వీల్లేదు. ఏజెంట్ మామూలు రిజిస్ట్రేషన్ టూల్ వైపు వెళ్లిందంటే ముందు ఆ రెండు టూల్స్ వివరణలూ పక్కపక్కన పెట్టుకుని, వాటి మధ్య గీత ఎక్కడ చెరిగిపోయిందో వెతికి, దిద్ది, మళ్లీ అదే ప్రశ్న అడగాలి.