పొదలకు వచ్చు అతిథులు

శరదాగమముతో మన పట్టణములందలి చింతలపైనను వేపలపైనను ఒక క్రొత్త పలుకు వినవచ్చును. “చిస్‌వీ, చిస్‌వీ” యని రెండక్షరములే. ఉద్యానములలో ఉదయసంచారము సేయు పెద్దలు దానిని విననివారుండరు. ఏ పిచ్చుకయో యని తలచి ముందునకు సాగుదురు. పలికినది పిచ్చుకకంటె చిన్నది. వీపు మాసిన పసిరిక వన్నె, క్రిందు తెలుపు, కంటిమీద లేతరంగు గీత, రెక్కపై సన్నని చార. తూకము ఏడెనిమిది గ్రాములు. ఆకులలో ఆకై తిరుగుటచే మెడ నొప్పిపుట్టువరకు చూచినను ఒక్కొకప్పుడు కంటబడదు.

ఆంగ్లేయులు దీనిని గ్రీనిష్ వార్బ్లరందురు. తెనుగున నలుగురెరిగిన పేరు లేదు; అందుచేతనే కాబోలు దీని గోడు పట్టించుకొనువారును లేరు. బాల్టికు తీరమునుండి సైబీరియావరకు గల అడవులలోను, హిమాలయములందును వేసవిని పిల్లలను జేసి, సెప్టెంబరునుండి మన దేశమునకు వచ్చి, ఏప్రిలువరకు నిలుచును. సంవత్సరములో సగమునకు పైగా కాపురము మన చెట్లపైననే! దీనిని విదేశపక్షి యనుట న్యాయమా?

హైదరాబాదునుండి ఢిల్లీకి రైలున బోవువారికి బల్లార్షా తరువాత చంద్రపురము తగులును. 1964 వరకు దాని పేరు చాందా. బొగ్గుగనులలోను కాగితపు మిల్లులోను పనికై వచ్చి స్థిరపడిన తెలుగువారు ఆ ప్రాంతమున మెండు. ఆ ఊరి తుకుం పేటనుండి పోవు బాట తాడోబా అరణ్యమునకు జేర్చును. 1955లో జాతీయోద్యానమైన ఆ యడవికి పెద్దపులిని జూడ జనము మోటారులలో బారులుదీరి పోవుదురు. పేటకు చేరువనే బొగ్గుగనియు, 2,920 మెగావాట్ల విద్యుత్కేంద్రమును కలవు. వీని నడుమ ఇండ్ల పెరళ్లలోను చిన్న తోటలలోను మిగిలిన చెట్లే ఈ చిన్ని బాటసారులకు సత్రములు. పులిని జూచుటకు టిక్కెట్టు కలదు, దీనికి లేదు.

న్యాయవాదులైన చదువరులకు ఇందొక రుచిగల విషయము కలదు. ఈ పక్షి చలికాలమున ఒక్కొక్కటి కొన్ని చెట్లను తనవిగా నేర్పరచుకొని, మరియొకటి వచ్చినచో అరచి తరిమివేయును. ఆ “చిస్‌వీ” హద్దురాతి వంటిది. వేలకొలది మైళ్లు పోయి, మరుసటి యేడు తిరిగివచ్చి ఆ చెట్లనే వెదకికొనుటయు కలదు. తూర్పుకనుమల పక్షుల ఋతుక్రమమును గూర్చి 1979లో వ్యాసము ప్రకటించిన ట్రెవర్ ప్రైసు, 1981లో ఈ పక్షి శీతకాల జీవనమునే ప్రత్యేకముగా వర్ణించెను. బహిరంగముగా, ఇతరులను త్రోసివేసి, ఏటేట స్వాధీనమందుండుట: లిమిటేషను చట్టము కోరున దింతకంటె నేమి? వేసవిలో గైరుహాజరని ఎదుటి వకీలు ఆక్షేపించునేమో! 1963 నాటి చట్టము ప్రకారము సర్కారు భూమికి ముప్పది యేండ్ల అనుభవము కావలెను. పాపము, దీని ఆయువు చాలదు.

చెట్టుమీది దానికంటె పొదలోని దాని పాటు కష్టతరము. బ్లైత్స్ రీడ్ వార్బ్లరని మరియొకటి కలదు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియమునకు 1841 మొదలు రెండు దశాబ్దములు క్యూరేటరుగా నుండిన ఎడ్వర్డు బ్లైతు 1849లో దీనిని వర్ణించి, లాటినున డుమెటోరం, అనగా పొదలకు జెందినది, యని పేరిడెను. ఫిన్లాండునుండియు రష్యానుండియు వచ్చు ఈ గోధుమవన్నె పిట్టకు లంటానా, కంపచెట్లు, తీగలల్లిన కంచెలే యిల్లు. “చెక్, చెక్” అని నాలుకతో చప్పరించినట్లు పలుకుచుండును గాని బయటికి రాదు.

ఇట్టి పొదలనే మన పురపాలకులు చెత్త యందురు. సుందరీకరణమనగా పొద నరికి, నేల చదునుచేసి, పచ్చిక పరచి, సిమెంటు బాట వేసి, దీపస్తంభము నిలుపుట యని స్థిరపడినది. వానలు వెలిసిన పిమ్మట ఈ పని మొదలిడినచో, అతిథి గుమ్మము త్రొక్కువేళకే యిల్లు పడగొట్టినట్లగును. మహారాష్ట్రమున పట్టణ వృక్షసంరక్షణ చట్టము 1975నుండి కలదు. తెలంగాణమున 2002 నాటి వాల్టా చట్టము కలదు. చెట్టు నరకబోవువానిని అనుమతి యేదని యడుగవచ్చును. పొద నరకువానిని అడుగువారు లేరు. వలసప్రాణులను గూర్చి 1979లో బాన్ నగరమున కుదిరిన ఒడంబడికలో మన దేశము 1983లో చేరినది. 2020లో గాంధీనగరమున తత్సభకు ఆతిథ్యమిచ్చినది. ఆ గౌరవము తోటమాలి కొడవలివరకు దిగిరాలేదు.

ఇందుకు పెద్ద వ్యయము అక్కరలేదు. ప్రతి యుద్యానమున ఒక మూలను సెప్టెంబరునుండి ఏప్రిలువరకు కొడవలి తగులకుండ విడువవచ్చును. పురుగుమందు చల్లుట మానవచ్చును, ఆకుపురుగే వీని యాహారము గదా. హైదరాబాదున కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానమునకు ఈ పక్షులు వచ్చుచున్నవన్న, అచ్చట కంపయు బండలును ఇంకను మిగిలియుండుటచేతనే. తుకుం వంటి పేటలలోని చిన్న తోటలకు అట్టి పేరును లేదు, గోడయు లేదు. తోటపని గుత్తపత్రముపై సంతకము సేయకముందు పురపాలక సభ్యులు ఒకనాటి యుదయమున అచ్చటికేగి, పొదవద్ద పది నిమిషములు ఊరక నిలిచినచో చాలును.